చెయ్యి ఆగే సీను

నవంబర్ 9, ఆదివారం

మా వెబ్ సిరీస్ నాలుగో భాగం నిన్న సాయంత్రం యూట్యూబ్‌లో పెట్టారు. పొద్దున లేచి చూస్తే కామెంట్ల నిండా చెంపదెబ్బే. "ఏం కొట్టిండు రా నాయినా", "దొర గూబ గుయ్యిమన్నది", "ఇంకో రెండు పడాలె". కథ గురించి ఒక్కడు మాట్లాడడు. తల్లి పాత్రకు నేను కూర్చుని కూర్చుని రాసిన మాటల గురించి ఒక్కడికి పట్టలేదు. టిఫిన్ సగంలో వదిలేశాను.

సతీశ్‌కి ఫోన్ చేశాను. సిరిసిల్లలో మా ఎడిటింగ్ అంతా వాడే చేస్తాడు. ఆ ఒక్క దెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించాడు. మూడోసారి నెమ్మదిగా. దొర వేషం వేసిన నర్సయ్య కాక బుగ్గ వణకడం, తలపాగా జారడం, కంట్లో నీరు చిమ్మడం, ఏదీ వదల్లేదు. "గిదేం పని సతీశ్" అంటే, పక్కింట్లో సాంచాలు నడుస్తున్నాయి కాబోలు, ఆ మగ్గాల మోతలో గొంతు చించుకుని అరిచాడు.

"అన్నా, జనం ఆగి సూసేది గక్కడ్నే. నీ డైలాగులకాడ ముందుకు ఉరికిస్తున్నరు."

ఉరికిస్తున్నారట! వీళ్ళ కోసమా నేను రాసేది?

సరే, ఆరో భాగం రానీ. రాజేశం కొట్టడానికి పుట్టిన హీరో కాదు. జీతగాని కొడుకు. తల్లి భూమిని దొర మింగాడనుకుని నాలుగో భాగంలో చెయ్యి చేసుకుంటాడు. మింగింది గుమాస్తా అని ఆరో భాగంలో తెలుస్తుంది. సిగ్గుపడి దొర ముందుకు వెళతాడు. ఈసారి దొరే రాజేశం చెంప పగలగొడతాడు. రాజేశం చెయ్యి లేస్తుంది, సగంలో ఆగుతుంది, దిగుతుంది. ఆ ఆగిన చెయ్యే నా కథ. కొట్టడం ఎవడికైనా చేతనవుతుంది. తప్పు చేసి, మళ్ళీ అదే చోటికి వచ్చి, ఈసారి ఆపుకోగలిగినవాడే హీరో. బళ్ళో తెలుగు పాఠం చెప్పేటప్పుడు ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నది ఇదే.

దెబ్బ నిజంగానే తగిలింది, ఒప్పుకుంటాను. ఒక్క టేకే. నేను వెంటనే కట్ చెప్పాను.

నవంబర్ 10

ఒక్క టేకే. అదీ నర్సయ్య కాక సరేనన్నాకే.

నవంబర్ 12, బుధవారం

బడి వదిలేసరికి గేటు దగ్గర పద్మ నిలబడి ఉంది. నర్సయ్య కాక బిడ్డ. రాయికల్ నుంచి రోజూ బస్సులో వచ్చి ఇక్కడ కోరుట్లలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది.

"అన్నా, గా వీడియో రాసింది నువ్వేనట గదా."

అవునన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

"మా దుకాణంలకచ్చినోళ్ళు చీరెలు సూసుకుంట గదే పెట్టుకొని నవ్వుతున్నరు. నిన్న మా సేటు గూడ నవ్విండు. గాయిన మా బాపు అని ఎట్ల చెప్పాలె నేను?"

"నటన పద్మా గది. నిజం గాదు గదా."

"నటనైతె ఎడమ చెవ్వు ఎందుకు ఇనవడ్తలేదు మా బాపుకు?"

బస్సు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. దేని మీదో తెలియలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ సేటు మీదే అనిపించింది. మనిషి దెబ్బ తింటుంటే చీర మడతల మీద నుంచి నవ్వే జాతి.

అసలు ఈ పాత్రల పంపకమే రోత. విశ్వజిత్ బుగ్గారం దిక్కు దొరల మనవడు. కెమెరా అతనిది, కారు అతనిది, గడీ అతనిది. కాబట్టి జీతగాని కొడుకు రాజేశం అతనే. నర్సయ్య కాక వడ్ల కొనుగోలు సెంటర్లో బస్తాలు మోసే హమాలీ. మా నాయినా ఆయనా కలిసి కూలికి పోయినవాళ్ళు. కానీ ఆ మీసం, ఆ గొంతు ఎవరికున్నాయి? కాబట్టి దొర ఆయన. యాక్షన్ అనగానే కాక "అరేయ్ రాజేశం" అనాలి, విశ్వజిత్ "దొరా" అని చేతులు కట్టుకోవాలి. కట్ అనగానే విశ్వజిత్ కుర్చీలోంచి కదలకుండా "నర్సయ్యా, గా నీళ్ళ బాటిల్ ఇటియ్యి" అంటాడు. అరవై దాటిన మనిషి "ఇగో దొరా" అని పట్టు కండువాతోనే పరుగెడతాడు.

మొదటి రోజు కాక నోట "అరేయ్" రాలేదు. "అరేయ్ రాజేశం... తప్పైంది దొరా" అని దండం పెట్టేవాడు. అందరం పడీ పడీ నవ్వాం. నేను కూడా.

నవంబర్ 16, ఆదివారం

ఐదో భాగం షూటింగ్. కాకకు ఇవాళ సీను లేదు. అయినా వచ్చాడు. చెవిలో దూది. నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, ఆరో పార్టు ఎప్పుడు దీస్తరు?"

నన్ను సార్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు. రెండు వారాల్లో అన్నాను.

"జల్ది దియ్యుండ్రి సారూ. సెంటర్ల బస్తా ఎత్తుకుంటె పోరగాండ్లు 'దొరా, చెంప ఎట్లున్నది' అంటున్నరు. వాళ్ళది పోనీ. మా వాడకట్టు ముసలోళ్ళు ఇంకో తీరుగ అంటున్నరు. 'మీ నాయినను పెద్దదొర గడీల గుంజకు కట్టేసి కొట్టిండు. నిన్ను వాని మనుమడు కొట్టిండు. నువ్వైతె వీడియో గూడ దిగినవ్' అని. నాకు బువ్వ సయిస్తలేదు సారూ."

నా చూపు ఆయన చెవిలో దూది మీదే ఉంది.

"ఆరో పార్టుల గాయిన చెయ్యి లేపి దించుతడు గదా? నా ముంగట?"

"దించుతడు కాకా. గదే కదా కథ."

"గంతే సారూ. గది ఒక్కటి జనం సూస్తె సాలు. ఇగ నన్నెవ్వలు ఏమనరు."

నేను పరివర్తన అనుకున్నది, నిగ్రహం అనుకున్నది, ఈయనకు వాడకట్టులో తలెత్తుకుని నడవడానికి ఒక వీడియో ముక్క. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా, నా కథను ఇంత చిన్నది చేశాడని. ఆ ఆలోచన వచ్చినందుకు దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. సగం దారి దాకా. తర్వాత ఐదో భాగం డైలాగులు గుర్తొచ్చాయి.

నవంబర్ 19

స్టాఫ్ రూము వాట్సాప్ గ్రూపులో కాక ముఖం స్టిక్కరయి వచ్చింది. చెంప మీద చెయ్యి, మూసుకున్న కళ్ళు. కింద "దొరకు గుడ్ మార్నింగ్" అని. పంపింది లెక్కల సారు. పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేనేమీ పెట్టలేదు. పెట్టలేదంతే. తీసెయ్యమని కూడా అనలేదు.

నవంబర్ 22, శనివారం

జగిత్యాల పోయి వచ్చాను. నర్సింగ్ రావు గారు రమ్మన్నారు. విశ్వజిత్ తండ్రి. రైసు మిల్లు, ప్లాట్ల వ్యాపారం. సిరీస్‌కు పెట్టుబడి ఆయనదే.

మొదట్లో కథ విన్నప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు. "అన్ని కథలల్ల దొరలు దొంగలేనా సంజీవ్? మా తాతలేమన్న పులులా మనుషులను తినెటందుకు? ఒక్క మంచి దొరను వెట్టరాదు?" పెట్టాను. కథకు అదే బలం కూడా. మంచివాణ్ణి కొడితేనే హీరోది తప్పవుతుంది. ఆయన అడక్కపోయినా అలాగే రాసేవాణ్ణి.

జీతగాని కొడుకు దొర ముందు తలవంచుతాడంటే అప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు వెలుగు పోయింది. తలవంచేది తన కొడుకని, ఎదురుగా నిలబడేది నర్సయ్య అని ఇన్నాళ్ళకు తట్టింది.

"కథల ఏమన్న ఉండనీ. కండ్లకు కనవడేదేంది? మావోడు గా నర్సయ్యతోని దెబ్బ తినుడు. మాకు ఊళ్ళె ఇంక పదిమంది ఉన్నరు సంజీవ్."

"సార్, గా చెయ్యి ఆగుడే గదా హీరో గొప్ప."

"ఆగనీ. వద్దన్ననా? దొర సచ్చిపోయిండని రాయి. వీడు పోయేసరికి గోడకు ఫోటో, ఫోటోకు దండ. దండం వెడ్తడు, ఏడుస్తడు. అయిపాయె."

"నర్సయ్య ఫోటో తీయించాలె మరి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అప్పటికే ఒప్పేసుకున్నట్టు.

ఆయన నవ్వాడు. "నర్సయ్య ఫోటో మా ఇంట్ల గోడకా? మా నాయినది ఉన్నది గదా. మంచి పర్సనాలిటీ. గదే వెట్టు."

చూపించాడు. కర్ర పట్టుకుని కూర్చున్న నిలువెత్తు మనిషి. నర్సయ్య కాక తండ్రిని గుంజకు కట్టించినవాడు ఇతనే. ఆ ఫోటో ముందు జీతగాని కొడుకు ఏడవాలి. ఆయన భార్య లీలమ్మ గారు మురుకుల పళ్ళెం తెచ్చి "తినుండ్రి సార్, ఇంట్ల జేసినయే" అన్నారు. తిన్నాను. రుచిగానే ఉన్నాయి. ఇంకో రెండు పెడితే వద్దనలేదు. ఛీ.

నవంబర్ 23

రెండు రకాలుగా రాశాను. ఫోటోతో ఒకటి, నర్సయ్య కాకతో ఒకటి. రాసేవాడన్నాక అన్ని దారులూ చూడాలి. దీన్ని లొంగిపోవడం అనరు.

ఫోటోది కూడా బాగానే కుదిరింది.

నవంబర్ 27, గురువారం

విశ్వజిత్ ఫోన్.

"అన్నా, ఫోటోతోని ఏం యాక్టింగ్ ఉంటది? హైదరాబాద్‌ల ఒక ఆఫీసుల నా క్లిప్పు సూసిన్రట. కొట్టుడు అందరికస్తది, ఎమోషన్ ఏది అని అడిగిన్రు. మనం నీ ఒరిజినల్ సీనే చేద్దాం. డాడీకి నేను చెప్పుకుంట."

గంతులేశాను. నిజంగా లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. కాకకు వెంటనే ఫోన్ చేస్తే లింగవ్వ ఎత్తింది, ఆయన భార్య. ఆదివారం అని చెప్పాను. "చెయ్యి దించే పార్టేనా?" అని అడిగింది. అదేనన్నాను.

తర్వాత విశ్వజిత్ మళ్ళీ చేశాడు. "అన్నా, ఒక్క మాట. నర్సయ్య నన్ను కొట్టేది మాత్రం యాంగిల్ల తీద్దాం. చెయ్యి మొకం ముంగటికెళ్ళి పోతె సాలు. సౌండ్ సతీశ్ వేస్తడు."

యాంగిల్. కెమెరా పట్టే శ్రవణ్‌కు అది తెలుసు. సతీశ్ కంప్యూటర్లో చెంపదెబ్బ చప్పుళ్ళు డజనున్నాయి. నాలుగో భాగం తీసిన రోజు కూడా ఇవన్నీ ఉన్నాయి. అప్పుడెవరికీ గుర్తు రాలేదు. నాకు కూడా.

నవంబర్ 30, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు.

డిసెంబర్ 1, సోమవారం

బడికి సెలవు పెట్టాను. రాస్తాను.

కాక మొదటి బస్సుకే వచ్చేశాడు. గడ్డం గీయించుకుని, మీసం దువ్వుకుని. లింగవ్వ చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించి పంపిందట. దాన్ని విప్పి మడత పెట్టి, దొర బట్టలు వేసుకున్నాడు. గడీ ముందు మెట్ల మీద సీను. ఊళ్ళోంచి ఓ ముప్పై నలభై మంది వచ్చి నిలబడ్డారు. వాళ్ళు చూడాలనే కాక అందరికీ చెప్పుకున్నాడు.

యాంగిల్ వివరించాను. ఆయనకు భయం. "తాకితె ఎట్ల సారూ? దొరకు తాకద్దు గదా" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. తాకదన్నాను. మొదట చెయ్యి మరీ దూరం నుంచి పోనిచ్చాడు, ఈగను తోలుతున్నట్టుంది. జనం నవ్వారు. శ్రవణ్ "కాకా, ఇంక జర దగ్గరికెళ్ళి" అన్నాడు. నేనూ అన్నాను.

మళ్ళీ యాక్షన్. కాక చెయ్యి ఊపాడు. వేలి కొన విశ్వజిత్ చెంపకు గీసుకుంది. గీసుకుంది, అంతే.

విశ్వజిత్ చెయ్యి లేచింది. నేను రాసినట్టే లేచింది. ఆగలేదు.

ఆ చప్పుడుకు సతీశ్‌తో పని లేదు. కాక రెండు మెట్లు కిందికి తూలి, గోడ పట్టుకున్నాడు. మళ్ళీ అదే చెంప, అదే చెవి. నవ్వుతున్న జనం నోళ్ళు మూతపడ్డాయి. వెనక ఎవరో ముసలావిడ "అయ్యో" అంది.

విశ్వజిత్ తన చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "కావాలని కొట్టలే అన్నా. చెయ్యి దానంతటదే లేసింది."

నాతో అన్నాడు. కొట్టించుకున్న మనిషి పక్కనే ఉండగా నాకు సంజాయిషీ. అబద్ధం కూడా కాదది. దానంతటదే లేచింది. తాత నుంచి వచ్చిన చెయ్యి. ఎదురుగా ఉన్నవాడు నర్సయ్య అని దానికి తెలుసు, తాను రాజేశం అని విశ్వజిత్ ఎంత అనుకుంటే మాత్రం ఏం లాభం?

కాక గోడ వదిలాడు. పట్టు కండువా తీసి మడిచి మెట్టు మీద పెట్టాడు. "నా అంగి ఏడున్నది?" అని అడిగాడు. ఎవరో ఇచ్చారు. గోడ చాటుకు పోయి వేసుకుని, జనం మధ్యలోంచి రోడ్డెక్కాడు. ఎవరి ముఖమూ చూడలేదు. అడ్డం తప్పుకుని దారి ఇచ్చారు. నేను పిలవలేదు.

శ్రవణ్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "అన్నా, నువ్వు కట్ చెప్పలే. ఇంక రోలింగ్లనే ఉన్నది."

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా రాయాలి. దెబ్బ పడిన ఆ క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన, షాట్ భలే పడింది అని.

విశ్వజిత్‌ను నేను కొట్టి ఉండాల్సింది. చెయ్యి లేవలేదు. పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. "నేను నిగ్రహించుకున్నాను" అని రాశాను. ఎంత సిగ్గులేని చెయ్యి నాది! అది నిగ్రహం కాదు. మా నాయిన నడుము వంగి నిలబడినట్టే నేనూ నిలబడ్డాను. పెద్ద చదువు, తెలుగు పండితుడి కొలువు, కథలు. అన్నీ ఉండి అదే వంగుడు.

డిసెంబర్ 3

నాలుగో భాగంలో ఒక్క టేకు కాదు. మూడు.

మొదటిదాంట్లో కాక ముందే కళ్ళు మూసుకున్నాడు. రెండోదాంట్లో తలపాగా ఊడలేదు. "గిది నాచురల్‌గ రాలే, గట్టిగనే తగలనీ" అన్నది నేను. "తగలనియ్యి సారూ" అని కాక నవ్వాడు, ఎర్రబడ్డ చెంపతో. మూడోదాంట్లో అన్నీ కుదిరాయి. సూపర్ అని అరిచింది కూడా నేనే.

అన్నం సయించడం లేదు.

డిసెంబర్ 6, శనివారం

సిరిసిల్ల వెళ్ళాను. ఆదివారం తీసింది సతీశ్ దగ్గరకు చేరింది. చూపించాడు. చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"అన్నా, గిది పెడ్తె విశ్వజిత్ పని ఖతం. లోకమంత ఉమ్మేస్తది. నీకు న్యాయం గావాలె అంటివి గదా. ఇంతకంటె ఏం గావాలె?"

వాడి కళ్ళల్లో న్యాయం లేదు. లక్షల వ్యూస్ ఉన్నాయి. నా కళ్ళల్లో ఏముందో వాడు చూసే ఉంటాడు. ఎందుకంటే నాకూ ఆశ పుట్టింది. దీనితో కాక పరువు తిరిగొస్తుంది అనుకున్నాను. అనుకుంటూనే పద్మకు ఫోన్ చేశాను.

అంతా చెప్పాను.

"అన్నా, ఒక్కసారి కొట్టింది ఇంక ఆగలే. దుకాణంల, సెంటర్ల, బస్సుల అందరి ఫోన్లల్ల మా బాపు రోజు దెబ్బలు తింటనే ఉన్నడు. ఇంకోటి పెడ్తవా? మంచిగ చేస్తవు."

ఫోన్ పెట్టేసింది. సతీశ్ చేత ఆ ఫైలు నా ఎదురుగానే తీసేయించాను. వాడు గొణుక్కుంటూ తీశాడు. నాకోసం ఒక కాపీ దాచుకో అన్నా అని కూడా అన్నాడు. వద్దన్నాను. ఈ నెలలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని. అలా రాసుకోవడం కూడా వెగటుగా ఉంది.

డిసెంబర్ 9, మంగళవారం

విశ్వజిత్ కోరుట్లకే వచ్చాడు. కారు బడి ముందు ఆపితే పిల్లలంతా మూగారు. సెల్ఫీలు.

కామెంట్లు తిరగబడ్డాయట. నాలుగో భాగంలో దెబ్బ నిజం దెబ్బేనని, ముసలాయనకు చెవి పోయిందని ఎవరో రాశారట. హైదరాబాద్ ఆఫీసు వాళ్ళు అది సర్దుకుని రమ్మన్నారట.

"ఒక వీడియో జేద్దామనుకుంటున్న అన్నా. మాఫీ అడిగేది. దిల్ నుంచి. కని నాకు మాటలు రావు గదా. నువ్వు రాసిస్తె..."

"కాక ఇంటికి పోయినవా?"

"వీడియోల చెప్త గదా అన్నా. అందరి ముంగట చెప్పుడు ఇంక పెద్దది గదా."

కళ్ళు తడిగానే ఉన్నాయి. నటన అనుకోను. నిద్రపట్టడం లేదన్నాడు. ఆ చెయ్యి లేచినప్పటి నుంచి తన మీద తనకే భయమేస్తోందన్నాడు. నిజంగానే ఏదో నేర్చుకుంటున్నాడు. అదే నాకు మరీ అసహ్యం వేసింది.

నాలుగో భాగం తీసేస్తే రాసిస్తానన్నాను. ఒప్పుకున్నాడు. కాక కోసమే ఒప్పుకున్నాను. ఆ వీడియో పోతే ఆయనకు ఊపిరాడుతుంది. కాక కోసమే.

ఇంటికి వచ్చి కూర్చోగానే మాటలు తోసుకుని వచ్చేశాయి. ఇన్నాళ్ళలో ఇంత బాగా ఏదీ రాయలేదు.

డిసెంబర్ 12, శుక్రవారం

పెట్టాడు. నాలుగో భాగాన్ని తీసేశాడు, మాట మీద నిలబడ్డాడు.

"హీరో అంటే కొట్టేటోడు గాదు, ఆగేటోడు. ఆ ముచ్చట నేను ఆలస్యంగ నేర్చుకున్న. నాకు నేర్పింది నర్సయ్య" అని నా మాట తన యాసలోకి తిప్పుకుని, చేతులు జోడించి, గొంతు జీరబోయి. అక్కడక్కడా ఆగి. నేనెక్కడ ఆగాలని రాశానో సరిగ్గా అక్కడ. ఇంతకాలం తేలేకపోయిన నటన ఇప్పుడొచ్చింది.

కామెంట్లు. "రియల్ హీరో అన్నా నువ్వు." "తప్పు ఒప్పుకునెటందుకు దమ్ముండాలె." "ఏడిపిచ్చినవ్ అన్నా." నాలుగో భాగాన్ని రెండు రోజుల్లో దాటేసేలా ఉంది.

నర్సింగ్ రావు గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. "మావోన్ని మనిషిని జేసినవ్ సంజీవ్" అన్నారు.

వీడియో మీద కనిపించే బొమ్మ కోసం సతీశ్ ఏం పెట్టాడో పొద్దున బస్సులో పక్కవాడి ఫోన్లో చూశాను. ఒకవైపు ఏడుస్తున్న విశ్వజిత్. ఇంకోవైపు దెబ్బ తింటున్న నర్సయ్య కాక, చెంప చుట్టూ ఎర్రటి సున్నా.

డిసెంబర్ 14, ఆదివారం

రాయికల్ వెళ్ళాను.

వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ కాకకు చెప్పాలి కదా, నాలుగో భాగం పోయిందని, మాఫీ అడిగాడని. ఆయన కోరుకున్నది ఇంకో రూపంలో దొరికిందని. బస్సులో అలాగే సర్ది చెప్పుకుంటూ వెళ్ళాను.

లింగవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసింది. కూర్చోమనలేదు. తలుపు ఓరగా వేసి ఉంది.

"కాక పనికి పోలేదా అవ్వా?"

"బందువెట్టిండు."

నాలుగో భాగం తీసేయించానని చెప్పాను. ఇక ఎవరికీ కనబడదన్నాను.

"కనవడ్తది. మొన్న అంజవ్వ మనుమరాలు సూపెట్టింది. చెంప సుట్టు ఎర్రగ గుండ్రం గీసిన్రు, ఎవలన్న సూడకపోతె ఎట్ల అని."

విశ్వజిత్ మాఫీ వీడియో సంగతి ఎత్తాను. చూశారా అని.

"సూసినం. మంచిగ మాట్లాడిండు. ఏడ్సిండు గూడ. ఇంటికైతె రాలే." ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టింది. "గా మాటలు నువ్వు రాసిచ్చినవా సారూ?"

తలూపాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

"గట్లనే అనుకున్న. గా పోరనికి అన్ని మాటలు యాడికెళ్ళి అస్తయి?" ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "ఆయన తప్పు జేసి నేర్సుకున్నడట. లోకమంత శభాష్ అంటాంది. నీ మొకం జూస్తె నువ్వు గూడ ఏదో నేర్సుకునే అచ్చినట్టున్నవ్. మంచిగనే ఉన్నది మీ కథ. దెబ్బలు మా ఆయినకు, బుద్ధి మీకు."

లోపల మంచం కిర్రుమంది.

"ఎవలే? ఎవలచ్చిన్రు?" కాక గొంతు. సరిగ్గా వినబడని మనుషులు అరిచినట్టు అరుస్తున్నాడు. మొదట్లో ఆ గొంతు విని కదా నేను ఆయన్ను దొర చేసింది.

లింగవ్వ నన్ను చూస్తూనే తల లోపలి వైపు తిప్పి, ఆయన మంచి చెవికి అందేలా గట్టిగా చెప్పింది.

"ఎవ్వల్లేరు. పండుకో."

నేను ఇంకా ఆమె ఎదురుగా వాకిట్లోనే నిలబడి ఉన్నాను.